కారు తుడుచు తువ్వాలు

తువ్వాలును గూర్చి వ్యాసమా యని మా విద్యార్థులు నవ్వవచ్చును. గణితమును గూర్చియో వ్యాకరణమును గూర్చియో వ్రాయవలసిన ఉపాధ్యాయులు కారు తుడుచుటను గూర్చి వ్రాయుట తలిదండ్రులకును వింతగా తోచవచ్చును. కాని గడచిన సంవత్సరమున మేము నేర్చుకొన్న పాఠములలో పెద్దది ఒక తువ్వాలు వలననే కలిగినది. ఆ పాఠములో మేము చేసిన తప్పు కలదు. ఆ తప్పువలన నొచ్చిన బాలుడు ఈ పత్రికను చదువువారిలోనే యున్నాడు. కావున దాచక వ్రాయుచున్నాము. ఆ బాలుని యొక్కయు, అతని తండ్రిగారి యొక్కయు అనుమతి పొందియే వ్రాయుచున్నాము. వారి పేరులు మాత్రము వ్రాయము.

మా నివాసము ఈపురుపాలెము. చీరాలకు చేరువనున్న ఈ యూరు 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల జిల్లా ఏర్పడినది మొదలు ఆ జిల్లాలోనిది. ఇచ్చటి వీధులలో నడచువారికి ఇప్పటికిని మగ్గముల చప్పుడు వినబడును. సముద్రము దూరము కాదు. గాలి అటునుండి వీచిన దినమున సన్నని ఇసుక కిటికీలలోనుండి వచ్చి పుస్తకములమీదను, కంచములమీదను వ్రాలును. మా పెరటి బోరునీరు కొంచెము ఉప్పన. ఇసుకయు, ఉప్పునీరును మనుష్యులకు అలవాటైన కష్టములే గాని, కారు రంగునకు అవి రెండును శత్రువులు. ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది.

2021వ సంవత్సరమున మేమొక పాత కారు కొంటిమి. మా తల్లిగారిని నెలకొకమారు గుంటూరు వైద్యునికడకు గొనిపోవలసి వచ్చెను. బస్సులో ఆమె అంతసేపు కూర్చుండలేకపోవుటచే, అప్పుచేసి, జీతములోనుండి నెలనెల వాయిదాలు కట్టునట్లు ఏర్పరచుకొని దానిని కొంటిమి. ముదురు నీలిరంగు కారు. పాతదయ్యు అద్దమువలె మెరయుచుండెను. మా కుటుంబములో కారు కొన్నవారిలో మేమే మొదటివారము. అందుచే దానిపై మాకు కలిగిన మమకారము కొంచెము హద్దు మీరినదని యిప్పుడు ఒప్పుకొనుచున్నాము.

ప్రతి శనివారము తెల్లవారుజామున కారును కడిగి, వెంటనే తుడుచుచుంటిమి. వెంటనే తుడువనిచో ఏమగునో ఎనిమిదవ తరగతి విద్యార్థులు చెప్పగలరు. కఠిన జలములో కాల్షియము, మెగ్నీషియము మొదలగువాని లవణములు కరగి యుండును. ఎండ తగిలినప్పుడు నీరు ఆవిరియై పోవును గాని లవణములు పోవు. బిందువు నిలిచినచోట తెల్లని మచ్చగా మిగులును. నాలుగైదు మారులు అట్లే వదలినచో ఆ మచ్చ మామూలు కడుగుటకు లొంగదు. కాబట్టి కడుగుట ఎంత ముఖ్యమో ఆరబెట్టుటయు అంత ముఖ్యము. ఇంతవరకు మా తెలివి సరిగానే పనిచేసినది.

తుడుచుటకు వాడినది మా యూరి మగ్గముపై నేసిన తుండుగుడ్డ. ఎఱ్ఱని అంచు గల తెల్లని నూలుగుడ్డ. పైన చెప్పిన బాలుని తండ్రిగారి యింటనే దానిని కొనియుంటిమి. నేతపనివారి బిడ్డలకు చదువు చెప్పుచు వారి నేతను వాడకుండుట న్యాయము కాదని మా తలంపు. తుడుచుట ముగిసిన పిమ్మట ఆ గుడ్డను పిండి, పెరటి కంచెపై ఆరవేసి, సాయంకాలము మడిచి కారు డిక్కీలో పెట్టుకొనుచుంటిమి. కంచెపై ఆరుచున్న గుడ్డపై సముద్రపు గాలి ఏమి చల్లిపోవుచున్నదో మేము ఆలోచింపలేదు.

గత సంవత్సరము వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన కొలది దినములకు, ఒక మధ్యాహ్నము, వేపచెట్టు నీడ తొలగి కారు ముందుభాగముపై నిట్టనిలువుగా ఎండ పడినది. చూడగా బానెటు నిండ సాలెగూడు వంటి సన్నని గీతలు! గుండె ఝల్లుమన్నది. అంతకు ముందు కొంతసేపటి క్రితమే ఎనిమిదవ తరగతి బాలుడొకడు తన భోజనపు డబ్బాను ఆ బానెటుపై పెట్టి నిలుచుండుట మేము చూచియుంటిమి. అతనిని పిలిచి గద్దించి అడిగితిమి. "నేను గీయలేదు సార్" అని తల వంచుకొనెను. వంచిన తలనే మేము సాక్ష్యముగా గైకొంటిమి. విచారింపక దండింపరాదని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొన్నవారమే. ఆ ప్రశ్నకు పరీక్షలో చక్కగా వ్రాసి మార్కులు పొందినవారమే. అయినను ఆ బాలుని రెండు పీరియడులు తరగతి వెలుపల నిలువబెట్టి, మరునాడు తండ్రిని తోడ్కొని రమ్మని ఆజ్ఞాపించితిమి. తోటి పిల్లలందరును చూచుచుండిరి.

మరునాడు తండ్రిగారు సైకిలుపై వచ్చిరి. నేతపనివాడు మగ్గము దిగినచో ఆ పూట పని పోవునని మాకు తెలియనిది కాదు. ఆయన కోపింపలేదు, బ్రతిమాలుకొనను లేదు.

"మా వాణ్ణి అడిగానండి. అబద్ధం చెప్పే పిల్లవాడు కాదు. ఒకసారి బండి చూపిస్తారా మాస్టారూ?" అనిరి.

చూపించితిమి. ఆయన వంగి, పడుగులో తెగిన పోగును వెదకువారివలె, కన్ను రేకునకు దగ్గరగా పెట్టి చాలసేపు చూచిరి. పిమ్మట తలుపులను చూచిరి. డిక్కీని చూచిరి. పాదములపై లేచి పైకప్పును చూచిరి.

"మేకుతోనో రాయితోనో గీస్తే ఒక గీత పడుతుందండి, లోతుగా. ఇవి వందలు ఉన్నాయి. తలుపుల మీదా ఉన్నాయి, పైకప్పు నడుమనా ఉన్నాయి. మా వాడి చెయ్యి అక్కడికి అందదు. ఇది ఎన్నాళ్లుగానో తుడిచిన చెయ్యి చేసిన పనండి. మీరు దేనితో తుడుస్తారు?"

మేము కొంత గర్వముతోనే డిక్కీ తెరచి తుండుగుడ్డను తీసి యిచ్చితిమి. తన నేతను చూచి ఆయన చిరునవ్వు నవ్విరి. తరువాత మాటాడక, ఆ గుడ్డను తన సైకిలు యొక్క నల్లని సీటుపై రెండుమారులు దులిపిరి. సీటుపై సన్నని ఇసుక రేణువులు ఎండలో మెరసినవి.

"ఇది చెమట తుడుచుకోవడానికి నేసిన గుడ్డండి. పడుగూ పేకా బిగించి చదునుగా నేస్తాం. ఇసుక రేణువు లోపలికి దిగడానికి దీంట్లో చోటు లేదు. మీదే నిలిచిపోతుంది. ఒంటి మీద అయితే చర్మం చెబుతుంది, చెయ్యి ఆగుతుంది. రేకు చెప్పదు కదండీ."

మీ మగ్గపు గుడ్డ వాడవలెననియే వాడితిమని మేము నసిగితిమి. దానికి ఆయన యిచ్చిన జవాబు మేము మరువలేము.

"నా గుడ్డ కొనండి, సంతోషం. దానికోసం బండి పాడు చేసుకోమని నేను చెప్పనండి. గుడ్డను ఏ పనికి నేశారో ఆ పనికే వాడాలి. బండికి పోగులు లేచి ఉండే గుడ్డ ఏదైనా చూసుకోండి."

ఈ మాట చీరాల ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఒకప్పుడు ఇచ్చట నేసిన తేలియా రుమాళ్లు ఓడలమీద అరబ్బు దేశములకు పోయెడివి. రంగు గట్టిగా పట్టుటకై నూలును నూనెలోను, ఆముదపుకాయల బూడిద కలిపిన నీటిలోను పలుమారులు నానబెట్టి ఆరబెట్టెడివారు. ఆ నూనె వలననే వానికి తేలియా యను పేరు వచ్చినది. ఎండలో తలకు చుట్టుకొనువారికి అవి చల్లదనము నిచ్చునని ప్రసిద్ధి. ఆ నేత యిప్పుడు తెలంగాణములోని పుట్టపాకలో నిలిచియున్నది. 2020వ సంవత్సరమున దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. తలకు అంత మేలైన ఆ రుమాలును నీరు తుడుచుటకు ఎవరును ఎన్నుకొనరు. గుడ్డ మంచిదా చెడ్డదా యని కాదు, దేనికి మంచిదియని అడుగవలెను. ఈ ప్రశ్నతో మేము ఆ నెల యంతయు కారు తుడుచు గుడ్డలను గూర్చి విచారించితిమి. తెలిసికొన్నది మా విద్యార్థులకును, స్కూటరో కారో గల తలిదండ్రులకును ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా గీత ఎట్లు పడునో తెలియవలెను. నేటి కారుల రంగుపై క్లియరు కోటు అనబడు పారదర్శకమైన పూత యొకటి యుండును. మెరుపంతయు దానిదే. దాని మందము సాధారణముగా 50 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రమే. ఇక ఇసుకలో ముఖ్యమైన ఖనిజము క్వార్ట్‌జు. 1812వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ మోస్ ఏర్పరచిన కాఠిన్యపు కొలతలో వజ్రము 10 కాగా క్వార్ట్‌జు 7. అది గాజునే గీయగలదు. పలుచని పూత యెంత? కావున గుడ్డ ఎంత మెత్తనిదైనను, దానికిని రేకునకును నడుమ ఒక్క రేణువున్న చాలును. గీచునది గుడ్డ కాదు, గుడ్డ మోయుచున్న ఇసుక.

ఇప్పుడు గుడ్డలను ఒక్కొక్కటిగా పరిశీలింతము. చదునైన నేత గల తుండుగుడ్డలు, పాత పంచెలు, లుంగీలు, చినిగిన బనియనులు సాధారణముగా ఇండ్లలో వాడునవి. వీనియందు రేణువు దాగుటకు లోతు లేదు. అంతియ కాక, క్రొత్త తుండుగుడ్డలో గంజి యుండును. నాలుగైదు మారులు ఉతికిన గాని అది నీటిని చక్కగా పీల్చదు. బనియను మెత్తనిదే గాని దాని కుట్టును, వెనుకనున్న చీటియు గీతలు పెట్టును.

రెండవది షామీ తోలు. గొఱ్ఱె మొదలగువాని తోలును నూనెతో పదును చేసి సిద్ధపరతురు. నీటిని చాల పీల్చును. గీతలు మచ్చలు లేక అద్దములను శుభ్రపరచును. దానికి మారుగా పొడవైన ప్లాస్టికు డబ్బాలలో తడిగానే అమ్మెడి కృత్రిమపు షామీలును కలవు. కాని రెండును చదునైనవే. తుండుగుడ్డకు చెప్పిన దోషమే వీనికిని వర్తించును. అద్దములకు వాడవచ్చును, రంగుపై రాచుట మంచిది కాదు.

మూడవది టర్కీ తువ్వాలు. దీని యుపరితలముపై వేలకొలది నూలు ఉచ్చులు లేచి యుండును. టర్కీ దేశమున చేతితో నేయు ఈ రకమును హెన్రీ క్రిస్టీ అను ఆంగ్లేయుడు చూచి తన దేశమునకు తెచ్చెను. యంత్రముపై నేసిన ఆ తువ్వాళ్లు 1851వ సంవత్సరపు లండను మహాప్రదర్శనములో ప్రదర్శింపబడినవి. మన దేశమున ఈ తువ్వాళ్లకు సోలాపూరు పేరుపొందినది. అచ్చటి నేతపరిశ్రమలో తెలుగు పద్మశాలీయులు అనేకులు గలరని మన పిల్లలు తెలిసికొందురుగాక. ఉచ్చుల నడుమ లోతు కలదు గనుక చిక్కిన రేణువు కొంత లోపలికి దిగును; రేకుపై దాని ఒత్తిడి తగ్గును. అయితే ఉతకగా ఉతకగా ఉచ్చులు బిరుసెక్కును. క్రొత్తదైనచో పీచు వదలును. మెత్తగా నున్నంతకాలము ఇది కారునకు పనికివచ్చు గుడ్డయే.

నాలుగవది మైక్రోఫైబరు. 9000 మీటర్ల పొడవుగల దారము ఒక గ్రాము తూగినచో దానిని ఒక డెనియరు అందురు. అంతకంటెను సన్నని పోగులతో చేసినది మైక్రోఫైబరు. జపాను దేశపు టోరే కంపెనీలో మియోషి ఒకమోటో అను శాస్త్రజ్ఞుడు ఇట్టి సన్నని పోగులను తయారుచేయు విధమును కనుగొనగా, 1970వ సంవత్సరమున దానితో చేసిన వస్త్రము వెలువడినది. కారు గుడ్డలలో పాలియెస్టరును, పాలియమైడును సాధారణముగా 80కి 20 గానో, 70కి 30 గానో కలుపుదురు. ఒక్కొక్క పోగు చీలి యుండుటచేత ఆ చీలికల నడుమ నీరు ఎక్కి నిలుచును. లేచిన కుచ్చు పొడవుగా నున్నచో రేణువులు దానిలోపలికి దిగిపోవును. నేతపనివారు చెప్పిన లక్షణము దీనికే ఎక్కువగా గలదు.

అంగడిలో కొనునపుడు మూడు సంగతులు చూడవలెను. మొదటిది, చదరపు మీటరు గుడ్డ యెన్ని గ్రాములు తూగునో తెలుపు జి.ఎస్.ఎం. అను అంకె. 300 ప్రాంతమున నున్న పలుచని గుడ్డలు లోపలి దుమ్ము తుడుచుటకు చాలును. నీరు తుడుచుటకు 500గాని అంతకు మించిగాని యున్నది మేలు. రెండవది అంచు. గట్టి దారముతో కుట్టిన అంచును, కుట్టిన చీటియు రేకును గీయును. మెత్తని పట్టీ అంచు గలదానిని ఎన్నుకొని, చీటిని జాగ్రత్తగా విప్పివేయవలెను. మూడవది పరిమాణము. మిక్కిలి పెద్దదైనచో తడిసిన పిమ్మట బరువెక్కి చేతికి లొంగదు. కొనలు నేలకు రాచుకొనును.

ఎన్నుకొన్న గుడ్డను వాడు విధమును తెలియవలెను. నీడలో కడుగవలెను. చివర గొట్టపు మూతి తీసివేసి నీటిని పైనుండి మెల్లగా పారించినచో నీటిలో చాలభాగము పలకగా జారిపోవును, తుడువవలసినది తక్కువగును. గుడ్డను నాలుగు మడతలు పెట్టినచో రెండు ప్రక్కలను కలిపి ఎనిమిది ముఖములు వచ్చును. ఒకటి తడియగానే మరియొకటి తిప్పవలెను. గుండ్రముగా రుద్దరాదు. గుడ్డను పరచి మెల్లగా తనవైపు లాగుటయో, అద్దుటయో చేయవలెను. పైకప్పుతో మొదలుపెట్టి, అద్దములు, బానెటు, తలుపులు ముగించి, క్రిందిభాగమును కడపట తుడువవలెను. చక్రములకు వేరు గుడ్డ యుండవలెను. గుడ్డ నేల పడినచో ఆనాటికి దాని పని ముగిసినదనుకొని ఉతుకుటకు వేయవలెను. ఈ చిన్న నియమమును పాటించుటయే అన్నింటికంటె కష్టము.

మైక్రోఫైబరును నూలుబట్టలతో కలిపి ఉతుకరాదు. నూలుపీచు దానికి అంటుకొనును. కొద్దిపాటి సబ్బునీరు చాలును. బట్టలను మెత్తపరచు సువాసన ద్రవములు పోగులపై పూతవలె నిలిచి నీరు పీల్చనీయవు. వేడినీరు, ఇస్త్రీపెట్టె తగిలించినచో పోగులు చెడును. ఇంటిలోపల, గాలికి ఇసుక రానిచోట ఆరవేసి, మూతగల డబ్బాలో దాచవలెను. దీనికిని దోషము లేకపోలేదు. ఉతికినప్పుడెల్ల కంటికి కనబడని ప్లాస్టికు పీచు నీటిలో కలియును. కాలువలద్వారా సముద్రమునకు చేరును. సముద్రపు ఒడ్డున బ్రతుకువారము దీనిని మరువరాదు. అందుచే మేము రెండు గుడ్డలు మాత్రమే కొంటిమి. అవి అరుగువరకు వేరొకటి కొనము.

గుడ్డల సంగతి యిది. ఇక మా తప్పు సంగతి.

తండ్రిగారు సైకిలు సీటుపై ఇసుకను దులిపి చూపిన దినముననే మేము ఆయనను క్షమింపుమని వేడుకొంటిమి. "నాకెందుకండి, వాడికి చెప్పండి" అని ఆయన వెడలిపోయిరి. బాలునితో గదిలో ఒంటరిగా చెప్పిన సులువుగానుండును. కాని దండించినది అందరి యెదుట. మరునాడు అదే తరగతిలో, అదే పీరియడులో, అతనిని పిలిచి, గీతలు మా చేతివేయని, అతడు నిజమే చెప్పెనని, మేము విచారింపక దండించితిమని చెప్పితిమి. మాకు గొంతు తడబడినది. పిల్లలెవరును నవ్వలేదు. "ఫరవాలేదు సార్" అని అతడు మరల తల వంచుకొనెను. తల వంచుట ఆ బాలుని సహజమైన అలవాటని అప్పుడు గాని మాకు తెలియలేదు. రెండు సంవత్సరములుగా అతనికి పాఠము చెప్పుచుండియు దానిని గమనింపలేదు.

గీతలను సానపట్టించి తీయింపవచ్చునని పనివారు చెప్పిరి. సానపట్టుట యనగా ఆ పలుచని పూతను మరికొంత పలుచన చేయుటయే గనుక మాటిమాటికి చేయింపరాదు. ఒకమారు చేయించితిమి. చాలవరకు పోయినవి; లోతైనవి కొన్ని యింకను ఎండలో కనబడుచున్నవి. వానిని అట్లే యుండనిచ్చితిమి.

తుండుగుడ్డను మేము పారవేయలేదు. శనివారము కారు కడిగి, మైక్రోఫైబరుతో తుడిచి ముగించిన పిమ్మట, చేతులును ముఖమును తుడుచుకొనునది దానితోనే. ఈ క్రిస్మసునకు మా యింటివారందరికిని ఆ మగ్గమునుండియే ఆరు తుండుగుడ్డలు కొంటిమి. వెల చెల్లించునపుడు నేతపనివారు నవ్వుచు, "ఇవి దేనికండి మాస్టారూ?" అని అడిగిరి. ఒళ్లు తుడుచుకొనుటకేనని చెప్పితిమి.